షుగర్ ఉన్నవాళ్లకు అద్దాల పరీక్ష ఒక్కటే చాలదు

"అమ్మకు ఎనిమిదేళ్లుగా షుగర్. కంటి వెలుగులో అద్దాలిచ్చారు, చూపు బాగానే ఉంది. ఇప్పుడు డాక్టర్ రెటీనా పరీక్ష చేయించమంటున్నారు. నిజంగా అవసరమా, డబ్బు కోసమా?" అని ఒకరు నన్ను అడిగారు.

అవసరమేనండి. తెలంగాణ ప్రభుత్వం 2018లో, మళ్లీ 2023లో పెట్టిన కంటి వెలుగు శిబిరాల వల్ల మా ఊళ్లోనూ చాలామంది పెద్దవాళ్లకు అద్దాలు వచ్చాయి, మేలే జరిగింది. కానీ అద్దాల పరీక్ష వేరు, రెటీనా పరీక్ష వేరు. షుగర్ వల్ల కంటి వెనక పొరలో, అంటే రెటీనాలో ఉండే సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు, చాలాకాలం చూపు కూడా తగ్గదు. బోర్డు మీద అక్షరాలన్నీ చదివినా లోపల జబ్బు ఉండొచ్చు. కంట్లో చుక్కల మందు వేసి లోపల చూస్తేనో, రెటీనా ఫోటో తీస్తేనో బయటపడుతుంది.

మాది నర్సంపేట దగ్గర పల్లె. అమ్మకూ, మా మేనమామకూ దాదాపు ఒకే ఏడు షుగర్ బయటపడింది. మామ హన్మకొండలో రిటైరైన టీచర్, ఏటా చెకప్‌కు వెళ్తారు. ఒకసారి రెటీనాలో చిన్న మచ్చలున్నాయన్నారు. షుగర్, బీపీ అదుపులో పెట్టుకున్నారు. ఇప్పటికీ పేపర్ మొత్తం చదువుతారు.

అమ్మ కూలికి వెళ్లేది. మాత్రలు ఒక్క పూట కూడా తప్పేది కాదు. ఆ మాత్రలిచ్చే చోట కళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఒక ఏడు కల్లంలో మిర్చి తాలు ఏరుతుంటే, ఎర్రకాయల కుప్పలోకి తాలు కాయలు కూడా పోతున్నాయని పక్కన కూర్చున్నామె గమనించి నాకు చెప్పింది. అడిగితే, "కండ్ల ముందు నల్లటి దారాలు ఆడుతున్నయ్ బిడ్డా, ఎండకు అనుకున్న" అంది. అప్పటికే నెల దాటింది. కుడి కంట్లో రక్తం దిగిందని డాక్టర్ చెప్పారు.

"ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదు, ఇంత నిర్లక్ష్యమా?" అని అక్కడ ఒకరు అమ్మను అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో మామ జాగ్రత్తపరుడనీ, అమ్మ నిర్లక్ష్యపు మనిషనీ ఎలా అంటాం? చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, ఒంటరిగా రావడం కుదరదు. అమ్మ కూలి, తోడు వచ్చినవాళ్ల కూలి రెండూ పోతాయి. పరీక్ష ఉచితమే అయినా ఆ రెండు కూళ్లు ఎవరిస్తారు? 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కావడం కొంత నయం.

లేజర్ చేశారు, కంట్లో సూది వేశారు. కాస్త తేటగా కనిపించేసరికి తగ్గిపోయిందనుకుని అమ్మ రెండో సూదికి రానంది, మిర్చి పని ఇంకా మిగిలే ఉంది. మొదట్లో ఆ సూదులు నెలనెలా వేయించుకోవాలని మాకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. కుడి కన్ను పూర్తిగా తిరిగి రాలేదు. ఎడమ కన్ను దక్కింది.

సూది రాస్తే ధర చూసి ఆగిపోకండి. అవాస్టిన్ అనే మందు మిగతావాటికంటే చాలా చవక, ఏళ్లుగా కళ్లకు వాడుతున్నారు. అది మీ అమ్మగారికి సరిపోతుందా అని డాక్టర్‌ను నేరుగా అడగండి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను అడగండి.

వరంగల్‌లోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే మెహదీపట్నంలో సరోజినీ దేవి ఆసుపత్రి ఉంది. ఎల్వీ ప్రసాద్‌లో కూడా డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగా చూస్తారు. ఓపీలో "కళ్లు చూపించాలి" అని ఊరుకోకుండా "షుగర్ ఉంది, చుక్కలు వేసి రెటీనా చూడాలి" అని చెప్పండి. పరగడుపున తీసుకెళ్లకండి. మా అమ్మ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా లైన్లో నిలబడి కళ్లు తిరిగి పడబోయింది. టిఫిన్ డబ్బా, పాత రిపోర్టులు, ఎండకు నల్లద్దాలు పెట్టుకోండి. బైక్ మీద వెనక కూర్చోబెట్టుకుని రాకుండా బస్సులోనో ఆటోలోనో రండి.

అంతా బాగుందంటే ఏడాదికోసారి చాలు. అమ్మను మేం నాలుగు నెలలకోసారి తీసుకెళ్తున్నాం. తర్వాతి తేదీ మిర్చి ఏరే రోజుల్లో పడకుండా అక్కడే అడిగి రాయించుకుంటున్నాం.