కుక్కతో ఫీనిక్స్‌కు వస్తున్నవారికి మా తొమ్మిదేళ్ల అనుభవం

జూన్‌లో న్యూజెర్సీ నుంచి అరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌కు మారుతున్నామని, మీ నాలుగేళ్ల లాబ్రడార్ ఇక్కడి ఎండలకు తట్టుకుంటుందా, వారాంతాల్లో దాన్ని వెంట తీసుకెళ్లే వీలుంటుందా అని అడిగారు. తట్టుకుంటుంది, వీలూ ఉంటుంది. అయితే మీ దినచర్యను, ప్రయాణాలను దాని పాదాలను బట్టి అమర్చుకోవాలి. ఈ మాట నేను దెబ్బ తిన్నాక తెలుసుకున్నాను.

మేము వచ్చిన మొదటి జూన్‌లో ఒకరోజు సాయంత్రం ఏడు గంటలప్పుడు, ఎండ తగ్గింది కదా అని మా కుక్క చిట్టిని నడకకు తీసుకెళ్లాను. దుకాణాల ముందు పార్కింగ్ స్థలం దాటుతుంటే మధ్యలో ఆగిపోయింది. ఒక ముందుకాలు ఎత్తింది, దించింది, రెండోది ఎత్తింది. మొండికేస్తోందనుకుని నేను లీష్ (మెడపట్టీకి కట్టే తాడు) పట్టుకుని లాగాను. అప్పుడు సన్నగా మూలిగింది. ఎత్తుకుని ఇంటికి తెచ్చి దీపం కింద చూస్తే, రెండు పాదాల మెత్తలు బొబ్బలెక్కి ఉన్నాయి. ఒకచోట వేడినీళ్లలో వేసిన టమాటా తొక్కలాగా తోలు వదిలి వచ్చింది. మానడానికి మూడు వారాలు పట్టింది. నోరులేని ప్రాణి చెప్పగలిగిన విధంగా చెప్పినా, నాకు అర్థం కాలేదు. లీష్ లాగిన సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మనం ఫోనులో చూసేది గాలి వేడి. కుక్క నడిచేది నేల మీద. నడి వేసవి మధ్యాహ్నం ఇక్కడి తారు 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. పగలంతా తాగిన ఆ వేడిని చీకటి పడ్డాక కూడా చాలాసేపు వదులుతూనే ఉంటుంది. అందుకే సాయంత్రపు నడక పనికిరాదు, తెల్లవారుజాము ఒక్కటే దారి. అరిజోనాలో వేసవికి గడియారాలు ముందుకు జరపరు కాబట్టి జూన్‌లో ఐదుంపావుకే సూర్యుడు వచ్చేస్తాడు. మేము నాలుగున్నరకు గడప దాటుతాం. అప్పుడు కూడా అరచేతి వెనుక భాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు లెక్కపెడతాను. నా చెయ్యి ఓర్చుకోలేకపోతే చిట్టి అడుగు పెట్టదు.

2023లో జూన్ 30 నుంచి జూలై 30 వరకు వరుసగా 31 రోజులు ఫీనిక్స్‌లో పగటి వేడి 110 డిగ్రీలకు, అంటే 43 సెల్సియస్‌కు తగ్గలేదు. చాలా రాత్రులు 90 కిందికి కూడా దిగలేదు. ఆ నెలంతా ఇంట్లోనే గదుల్లో క్యారెట్ ముక్కలు దాచి చిట్టి చేత వెతికించాం. అరగంట ముక్కుతో వెతికితే గంట నడిచినంత అలసిపోయి పడుకునేది. మీ లాబ్రడార్‌కు ఇది బాగా నచ్చుతుంది. చల్లగా ఉంటుందని మాత్రం దాని బొచ్చు గొరిగించకండి, ఆ బొచ్చే దాని చర్మాన్ని ఎండ నుంచి కాపాడుతుంది.

ఇక ప్రయాణాలు. ఇక్కడ ఊరు ఎంత దూరంలో ఉందని కాక ఎంత ఎత్తులో ఉందని అడగడం అలవాటు చేసుకోండి. ఫీనిక్స్ సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తులో ఉంది. పేసన్ 5,000 అడుగులు, ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగులు. రెండున్నర, మూడు గంటలు కారులో పైకెక్కితే జూలైలోనూ ఫ్లాగ్‌స్టాఫ్‌లో పొన్‌డెరోసా పైన్ చెట్ల నీడన మట్టి నేల మీద నడవవచ్చు. ఆ చెట్ల బెరడుకు ముక్కు ఆనిస్తే వెనిల్లా వాసన వస్తుంది. మొదటిసారి చిట్టి ఒక్కో చెట్టు దగ్గరా ఆగి వాసన చూస్తుంటే, లాగకుండా నిలబడ్డాను.

జాతీయ పార్కుకూ జాతీయ అడవికీ తేడా ఉందని ముందే తెలుసుకోండి, లేకపోతే గేటు దాకా వెళ్లి ఉసూరుమంటూ తిరిగి రావలసి వస్తుంది. ఫ్లాగ్‌స్టాఫ్, సెడోనా చుట్టూ ఉన్న కొకొనీనో జాతీయ అడవిలో చాలా బాటల్లో లీష్‌తో కుక్కను రానిస్తారు. టూసాన్ దగ్గరి సవారో జాతీయ పార్కులో మట్టి బాటల్లోకి రానివ్వరు. గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచున, పైన ఉన్న బాటల్లో ఆరడుగుల లోపు లీష్‌తో నడిపించవచ్చు కానీ, లోయలోకి దించకూడదు, షటిల్ బస్సు ఎక్కించకూడదు. మాకు అన్నిటికంటే ఇష్టమైనది పెట్రిఫైడ్ ఫారెస్ట్. ఇరవై కోట్ల ఏళ్లకు పైబడిన దుంగలు రాళ్లుగా మారి, విరిగినచోట ఎరుపు, పసుపు, ఊదా రంగుల్లో మెరుస్తుంటాయి. జాతీయ పార్కే అయినా అక్కడి బాటల్లోకి కుక్కను రానిస్తారు. మా చిట్టి ఒక దుంగను నాకి చూసి, రాయి అని తెలిసి నా వైపు తిరిగి చూసిన చూపు నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది.

ఎక్కడికి వెళ్లినా పులిహోర, పెరుగన్నం కట్టుకునే బయలుదేరతాం. హోటల్లోకి చిట్టిని రానివ్వరు, కారులో వదలడం అసలు కుదరదు. అద్దం కాస్త దించినా, ఐదు నిమిషాలే అయినా వద్దు. ప్రాణాపాయంలో ఉన్న జంతువును కాపాడడానికి, పోలీసులకు కబురు చేసి, కారు అద్దం పగలగొట్టినవారికి రక్షణ ఇస్తూ 2017లో ఈ రాష్ట్రంలో చట్టమే చేశారు. ఫీనిక్స్ నగర కొండబాటల్లోనైతే 100 డిగ్రీలు ఉంటే కుక్కలకు ప్రవేశమే లేదు.

చలికాలం ఇక్కడ నిజంగా బంగారం. నవంబర్ నుంచి మార్చి దాకా లాస్ట్ డచ్‌మన్ స్టేట్ పార్కు లాంటి చోట్ల పగలంతా తిరగవచ్చు. అప్పుడు చూసుకోవలసింది చోయా ముళ్లు. ఆ కాక్టస్ ముక్క తగిలీ తగలకముందే ఊడి కాలికి అంటుకుంటుంది. ఒకసారి చిట్టి ముందుకాలికి నిమ్మకాయంత ముద్ద పట్టింది. నోటితో పీకబోతే అది పెదవికీ అంటుకుంది. చేత్తో తీయబోతే నా వేళ్లకూ గుచ్చుకుంది. పక్కనే వెళుతున్న ఒక పెద్దావిడ సంచిలోంచి వెడల్పు పళ్ల దువ్వెన తీసి, ముళ్లకూ చర్మానికీ మధ్య దూర్చి ఒక్కసారి ఎగరగొట్టింది. మిగిలిన ముళ్లు పట్టకారుతో ఒక్కొక్కటే తీశాం. ఆనాటి నుంచి దువ్వెన, పట్టకారు మా కారులోనే ఉంటాయి.

ఇంటి చుట్టూ కూడా ఒకసారి చూసుకోండి. ఇక్కడి వీధుల్లో ప్రహరీల వెంట గుబురుగా పెంచేది మన గన్నేరే. అదెంత విషమో మీకు నేను చెప్పనక్కరలేదు. మీరు తీసుకునే ఇంటి పెరట్లో ఉంటే ముందు కొట్టించండి. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా వానల కాలం. వాన పడ్డ రాత్రి అరచేతికి మించిన సొనోరన్ ఎడారి కప్పలు బయటికి వస్తాయి. కుక్క దాన్ని నోట కరిస్తే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే తల కిందికి వంచి, నీళ్లు గొంతులోకి పోకుండా పక్క నుంచి నోరు బాగా కడిగి, అత్యవసర పశువైద్యుల దగ్గరికి పరుగెత్తాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది వ్యాలీ ఫీవర్. ఇక్కడి మట్టిలో ఉండే శిలీంధ్రం దుమ్ముతోపాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి కలిగించే జబ్బు ఇది. మనుషులకూ వస్తుంది కానీ, కుక్క దగ్గు నుంచి మనకు అంటదు. చిట్టి నాలుగో ఏట కుంటడం మొదలుపెడితే బెణుకు అనుకున్నాం. తర్వాత పొడి దగ్గు, తిండి మానేయడం. రక్తపరీక్షలో బయటపడింది. పది నెలలు ఫ్లూకొనజోల్ వాడాక కోలుకుంది. మీ కుక్కకు రెండు వారాలకు మించి దగ్గు, కుంటు, బరువు తగ్గడం కనిపిస్తే, వ్యాలీ ఫీవర్ పరీక్ష చేయమని మీరే అడగండి. దుమ్ము తుఫాను రోజున బయటికి తీయకండి.

మీరు కారులో వచ్చేటట్టయితే అల్బకర్కీ మీదుగా 40వ నంబరు రహదారి పట్టుకోండి. అక్కడి నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ దాకా దారంతా ఎత్తు మీదే ఉంటుంది. ఆఖరి రాత్రి ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఆగి, తెల్లవారుజామున మూడు గంటలకల్లా బయలుదేరితే ఎండ ముదరకముందే చాండ్లర్ చేరతారు. కారును నేరుగా గరాజులోకి పెట్టి, తలుపు మూశాక మీ లాబ్రడార్‌ను కిందికి దించండి.