ఆఖరి రాత్రి ఫైలు జోలికి వెళ్ళకు

చిరంజీవి అమ్మాయికి, అత్తయ్య ఆశీస్సులు.

నీ కథల పుస్తకం నువ్వే అచ్చు వేయించుకుంటున్నావని మీ నాన్న చెప్పగానే సంతోషం పట్టలేకపోయాను. ఫోను పెట్టేశాక భయం మొదలైంది. ప్రచురణకర్త లేడంటే ప్రూఫు చూసేవాళ్ళూ, పేజీలు పేర్చేవాళ్ళూ, ఆఖరున ఒకసారి అనుమానంగా తిరగేసేవాళ్ళూ ఎవరూ లేరన్నమాట. వాళ్ళందరి పనీ నీ ఒక్కదాని నెత్తిన పడుతుంది. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతూ బతికినదాన్ని, ఈ ఉత్తరం రాయకుండా ఉండలేను. విసుక్కోకుండా చదువు.

ముందు పుస్తకం సైజు తేల్చుకో. కథలు రాసేటప్పుడు నీ వర్డ్ ఫైలు ఏ4 కాగితం కొలతలో ఉండి ఉంటుంది. పుస్తకం డెమ్మీ అయితే అడ్డం ఐదున్నర, నిలువు ఎనిమిదిన్నర అంగుళాలు; ఏ5 అయితే 148, 210 మిల్లీమీటర్లు. ప్రెస్సువాళ్ళతో మాట్లాడి ఆ కొలత పెట్టాకే మిగతా పని మొదలుపెట్టు. లోపలి మార్జిను బయటిదానికంటే ఎక్కువ ఉంచు, బైండింగులో కొంత పోతుంది. కొత్త కథ కొత్త పేజీలో మొదలవ్వాలంటే ఎంటర్ మీట నొక్కుకుంటూ పోకు, పేజీ బ్రేక్ పెట్టు. కుడి పేజీకి బేసి సంఖ్య. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

పంక్తుల మధ్య చోటు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఇంగ్లీషు పుస్తకాల కొలత చూసి పెట్టావంటే పై పంక్తిలోని ఒత్తులు కింది పంక్తిలోని గుడులకు తగులుతాయి. ‘రాష్ట్రం’ అన్న మాట కింద ‘కీర్తి’ పడిన చోట చూడు, నీకే తెలుస్తుంది. అక్షరం 12 పాయింట్లయితే పంక్తికి 18 దగ్గర మొదలుపెట్టి, కాగితం మీద తీసి చూసుకుంటూ సర్దుకో. రెండు అంచులూ సమానంగా పెట్టినప్పుడు ఇంకో చిక్కుంది. మన మాటలు పొడవు. ‘వెళ్ళిపోవలసివచ్చినప్పుడు’ లాంటిది కింది పంక్తికి జారిపోతే, పైన మిగిలిన మూడు మాటల మధ్యా పెద్ద పెద్ద సందులు తెరుచుకుంటాయి. అలాంటి చోట వాక్యాన్నే కొంచెం మార్చెయ్యి. ప్రూఫు చూసేవాళ్ళకు లేని హక్కు అది, రాసినదానివి నీకుంది.

అయితే ఆ మార్పులన్నీ ఇప్పుడే చేసుకో. ఎందుకు చెబుతున్నానో విను.

నాకొక స్నేహితురాలు ఉండేది. నీ చిన్నప్పుడు మన ఇంటికి వచ్చేది, నీకు గుర్తుండకపోవచ్చు. ఉద్యోగం నుంచి విశ్రాంతి దొరికాక తన పుట్టింటి కథను నవలగా రాసింది. మొదటి ప్రూఫూ, రెండో ప్రూఫూ నేనే చూశాను. ఇక అచ్చుకు ఇవ్వవచ్చని చెప్పి ఫైలు ఆమె చేతికిచ్చాను. మర్నాడు ప్రెస్సుకు పంపాలి. ఆ రాత్రి దగ్గరి బంధువు ఒకాయన ఫోను చేసి, నవలలోని రాము తనేనని అందరూ గుర్తుపడతారని నొచ్చుకున్నాడట. ఆమెది ఎవరి మనసూ నొప్పించలేని స్వభావం. ‘రాము’ అని ఉన్నచోటల్లా ‘రఘు’ అని మార్చమని కంప్యూటర్‌కు చెప్పింది. క్షణంలో అన్నీ మారిపోయాయి. మొదటి రెండు పేజీలు చూసుకుని నిశ్చింతగా పడుకుంది.

కంప్యూటర్‌కు పేరేదో, క్రియేదో ఏం తెలుసు? దానికి అక్షరాల వరసే తెలుసు. ‘చీకటి పడ్డాక ఊరు చేరాము’ అన్న వాక్యం ‘ఊరు చేరఘు’ అయింది. ‘బయలుదేరాము’ కాస్తా ‘బయలుదేరఘు’ అయింది. పిల్లవాడు మారాము చేసిన చోట ‘మారఘు’ చేశాడు. ఇంటిల్లిపాదీ కలిసి తిరిగిన కథ కాబట్టి ఏ పది పేజీలు తిప్పినా ఎక్కడో ఒకచోటికి చేరుతూనే ఉంటారు, ఎక్కడినుంచో బయలుదేరుతూనే ఉంటారు. నాయనమ్మ ప్రాణం పోయే ఘట్టంలో ఆవిడ తలచుకున్న శ్రీరాముడు ‘శ్రీరఘుడు’ అయ్యాడు. అన్నిటికంటే బాధ ఏమిటంటే, తల్లి పిలిచిన ప్రతిచోటా ‘రామూ’ అన్న పిలుపు అలాగే మిగిలిపోయింది. అక్కడ దీర్ఘం ఉంది కదా, కంప్యూటర్ వెతికిన వరస అది కాదు. ఎవరికోసం పేరు మార్చిందో ఆ మనిషికీ మేలు జరగలేదు.

కట్టలు విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. ముందుగా నాయనమ్మ పేజీ తీసింది. చదివి, పుస్తకం మూసి, మళ్ళీ కట్టలోనే పెట్టేసింది. తప్పొప్పుల పట్టిక వేద్దామన్నాను. ఎన్నని వేస్తాం? మళ్ళీ అచ్చు వేయించడానికి డబ్బు కూడలేదు, ఆ తర్వాత ఆరోగ్యం కుదరలేదు. ఆ పుస్తకం ఎవరికీ పంచకుండానే ఆమె కన్నుమూసింది. ఇప్పటికీ తలచుకుంటే కోపం వస్తుంది. ఆ రాత్రి నాకొక్క ఫోను చేస్తే తెల్లవార్లూ కూర్చుని చూసిపెట్టేదాన్ని.

అందుకే చెబుతున్నాను తల్లీ, అన్నిటినీ ఒకేసారి మార్చే ఆ మీట జోలికి వెళ్ళకు. ఒక్కొక్కటీ కంటితో చూసి మార్చు. దీర్ఘంతో పిలిచినవి విడిగా వెతుకు. ప్రూఫు అయ్యాక ఒక్క మాట మార్చినా ఆ పేజీతో ఆగకు, ఆ కథ ఆఖరి పేజీదాకా చూడు. ఒక పంక్తి పెరిగినా కథ చివరి ముక్క ఒక్కటే కొత్త పేజీకెక్కి కూర్చోవచ్చు, అప్పుడు విషయసూచికలో ఆ తర్వాతి అంకెలన్నీ తప్పిపోతాయి. ఫైలు పేరులో తేదీ వేసుకో. ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అని పేర్లు పెడితే ప్రెస్సుకు ఏది వెళ్ళిందో నీకే తెలియదు.

ప్రెస్సుకు వర్డ్ ఫైలు ఇవ్వకు, పీడీఎఫ్ ఇవ్వు. వాళ్ళ దగ్గర నీ ఫాంటు లేకపోతే మరో ఫాంటు వచ్చి చేరి పేజీలన్నీ జరిగిపోతాయి. పీడీఎఫ్ చేశాక ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా తెరిచి, ప్రతిదాని పక్కనా ఎంబెడెడ్ (ఫాంటు ఫైలులోనే ఇమిడి ఉందని అర్థం) అని ఉందో లేదో చూడు. పేజీలు పేర్చే పని ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో మేమే చేస్తామని వాళ్ళంటే, అందులో మన అక్షరాలను సరిగా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ అన్న అమరిక పెట్టమని గట్టిగా చెప్పు. లేకపోతే ఒత్తులు విడిపోయి ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అవుతుంది. అక్షరాలను తమ సొంత పద్ధతిలో దాచుకునే పాత అను ఫాంట్లలో కొట్టించిన కథలేమైనా యూనికోడ్‌లోకి మార్చి ఉంటే వాటిని అక్షరం అక్షరం చదవవలసిందే.

బొమ్మలు అంగుళానికి 300 చుక్కలుండాలి. 1200 పిక్సెళ్ళ వెడల్పున్న ఫొటో నాలుగు అంగుళాలకు మించి పెంచకు. వాట్సాప్‌లో వచ్చినవి వాడకు, అసలు ఫొటో అడిగి తెప్పించుకో. అట్ట మీద రంగు అంచుదాకా ఉంటే అన్ని వైపులా మూడు మిల్లీమీటర్లు అదనంగా వదులు, కత్తెర పడేది అక్కడే. పేజీలు 16 చొప్పున ఫారాలుగా అచ్చవుతాయేమో అడుగు. అలాగైతే నీ 196 పేజీలు 208 అవుతాయి, పన్నెండు ఖాళీ. ముందే తెలిస్తే ఇంకో చిన్న కథ పెట్టుకోవచ్చు. వెన్ను మందం కూడా ఊహించి వేయకు. 208 పేజీలంటే 104 కాగితాలు. కాగితం మందం 0.1 మిల్లీమీటరు అయితే వెన్ను 10.4 వస్తుంది. అసలు మందమెంతో ప్రెస్సువాళ్ళే చెప్పాలి.

కాగితం మీద నమూనా ప్రతి చేతికి రాకుండా మొత్తం ప్రతులకు ఒప్పుకోకు, ఎంత తొందరపెట్టినా సరే. దానికి ముందు నాకొక ప్రతి పంపు. నీ పుస్తకం ఏ5 అయితే ఆ పేజీని ఏ4 కాగితానికి పెంచి అచ్చు తీస్తే పేజీలు మారవు, అక్షరం మాత్రం పెద్దదవుతుంది, నా కళ్ళకు అది చాలు. కాగితానికి ఒకవైపే తీయించు, వెనకవైపు నేను రాసుకోవాలి. ఇదివరకటంత వేగంగా చదవలేకపోతున్నాను, కాబట్టి ప్రెస్సువాళ్ళకు చెప్పిన తేదీ రెండు వారాలు వాయిదా వెయ్యి.

మీ అత్తయ్య