మోటర్‌హోమ్ వెనక నాలుగు చక్రాల మీద లాగడానికి ఏ పాత ఎస్‌యూవీ కొనాలి?

పెట్రోలు ఇంజిన్ క్లాస్ సి మోటర్‌హోమ్ (వ్యాన్ చాసిస్ మీద కట్టిన చక్రాల ఇల్లు) ఉంది, ట్రెయిలరూ డాలీ (కారు ముందు చక్రాలను ఎక్కించే చిన్న బండి) లేకుండా దాని వెనక ఒక పాత చిన్న ఎస్‌యూవీని తగిలించుకుని తిరగాలి, చేతిలో 12,000 డాలర్లు ఉన్నాయి, ఏ మోడల్ మంచిదని అడిగారు. మేమిద్దరం ఏడేళ్లుగా చేస్తున్నది ఇదే. డల్లాస్ దగ్గరి మా ఇంటి నుంచి అటు ఎల్లోస్టోన్ దాకా, ఇటు అరిజోనా దాకా మా 2013 హోండా సీఆర్-వి ఎద్దుల బండి వెనక కట్టిన దూడలా మా వెంట వచ్చింది. గేర్‌బాక్స్ ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. అయితే అది కొనడానికి రెండు వారాల ముందు మేము 2015 సీఆర్-వికి అడ్వాన్సు ఇవ్వబోయాం. మీకు ముందుగా ఆ సంగతే చెప్పాలి.

అమ్మే మనిషి ఎంతో ధీమాగా, సీఆర్-వి ఏ ఏడాదిదైనా లాగవచ్చని చెప్పాడు. నేను కాగితాల ముందు కూర్చున్నాను. మా ఆవిడ బయట కారులో కూర్చుని, డాష్‌బోర్డు అరలో ఉన్న మాన్యువల్ తిరగేసి, ఒక పేజీలో వేలు పెట్టి పట్టుకుని లోపలికి వచ్చింది. ఆ బండిని మోటర్‌హోమ్ వెనక లాగకూడదని అందులో స్పష్టంగా ఉంది. 2014 వరకు సీఆర్-విలో వచ్చింది 5 గేర్ల మామూలు ఆటోమేటిక్. 2015 నుంచి సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్. పేరు అదే, చూడటానికీ దాదాపు అలాగే ఉంటుంది, లోపలి గేర్‌బాక్స్ మాత్రం వేరు.

న్యూట్రల్‌లో పెడితే చాలు కదా అని నేనూ అనుకునేవాణ్ణి. చాలా ఆటోమేటిక్ బండ్లలో గేర్‌బాక్స్‌కు ఆయిల్ అందించే పంపు ఇంజిన్ తిరిగితేనే తిరుగుతుంది. లాగేటప్పుడు ఇంజిన్ ఆగి ఉంటుంది, చక్రాలతో పాటు లోపలి షాఫ్టులు తిరుగుతూనే ఉంటాయి. ఆయిల్ అందని లోహం వేడెక్కి అరిగిపోతుంది. కాబట్టి ఏ మోడల్ అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఆ ఏడాది, ఆ గేర్‌బాక్స్, ఆ డ్రైవ్ రకం కలిసిన బండికి మాన్యువల్ అనుమతి ఇస్తుందా అని చూడండి. అమ్మేవాడి మాట, పొరుగువాడి అనుభవం, చివరికి నా మాట కూడా దాని తర్వాతే.

మీ బడ్జెట్‌లో నేనైతే 2012–2014 సీఆర్-వి వెతుకుతాను. ముందు చక్రాల డ్రైవ్ అయినా, ఆల్ వీల్ డ్రైవ్ అయినా పరవాలేదు. బరువు సుమారు 3,300 నుంచి 3,600 పౌండ్లు. మట్టి రోడ్లు, కొండదారులు ఎక్కువగా తిరిగేవారైతే జీప్ రాంగ్లర్ మంచిది. దాని ట్రాన్స్‌ఫర్ కేస్‌కు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టెకు) సొంత న్యూట్రల్ ఉంటుంది, లాగడానికి అంతకంటే నిశ్చింత లేదు. కాకపోతే నాలుగు తలుపుల రాంగ్లర్ 4,000 పౌండ్లు దాటుతుంది, ధర కూడా త్వరగా దిగదు. 2014 నుంచి వచ్చిన జీప్ చెరొకీలో మాత్రం జాగ్రత్త. వెనక 4×4 అని రాసి ఉన్నంత మాత్రాన చాలదు. లోపల గుండ్రటి నాబ్ దగ్గర లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేరు) బటన్, న్యూట్రల్ కోసం లోపలికి నొక్కుకుని ఉన్న చిన్న బటన్ ఉంటేనే అది లాగడానికి పనికొస్తుంది. ఆటోమేటిక్ సుబారు, ఆటోమేటిక్ టయోటా రావ్4 జోలికి వెళ్లకండి. చేత్తో గేర్లు మార్చే సుబారు దొరికితే అది వేరే సంగతి.

ఇక డబ్బు. పిండి కొద్దీ రొట్టె అన్నారు కానీ మీ పిండి మొత్తం బండికే పోదు. కారును మోటర్‌హోమ్‌కు కలిపే టో బార్, అది తగిలించడానికి కారు ముందు బిగించే బేస్ ప్లేట్, టెయిల్ లైట్ల వైరింగ్, కారులో అదనపు బ్రేకు, బార్ ఊడిపోతే ఆ బ్రేకును తనంతట తానే పట్టించే స్విచ్, సేఫ్టీ కేబుళ్లు, బిగింపు కూలి, అన్నీ కలిసి మాకు 3,800 డాలర్లు అయ్యాయి. అందుకే బండికి 8,000 అనుకుని వెతకండి. అదనపు బ్రేకు వద్దని ఎవరైనా అంటే వినకండి. వెనక కట్టిన కారు ఒక బరువు దాటితే చాలా రాష్ట్రాల్లో అది తప్పనిసరి. చట్టం సంగతి అలా ఉంచి, కొండ దిగేటప్పుడు మూడున్నర వేల పౌండ్లు వెనక నుంచి తోస్తుంటే మీకే తెలుస్తుంది.

ముందు మీ మోటర్‌హోమ్‌ను నీళ్లు, సామాను, మనుషులతో ట్రక్ స్టాపులో తూకం వేయించండి. మాది ఫోర్డ్ ఇ-450 చాసిస్, వెనక బండితో కలిపి మొత్తం 22,000 పౌండ్ల వరకు అనుమతి. తూకంలో 14,200 తేలింది. 7,800 మిగిలిందని సంబరపడ్డాను కానీ హిచ్ (మోటర్‌హోమ్ వెనక టో బార్ తగిలించే కొక్కెం) మీద చీటీలో 5,000 అని ఉంది. రెండింటిలో చిన్న అంకెదే మాట.

పాత బండి చూసేటప్పుడు ముందు బంపర్ కింద వంగి చూడండి. టో బార్ తగిలించే ఇనుప చెవులు, వైరు ప్లగ్ కనిపిస్తే అది ఇంతకుముందు ఎవరో లాగిన బండి. బేస్ ప్లేట్ ఖర్చు కలిసొస్తుంది. అయితే లాగిన మైళ్లు కొన్ని బండ్లలో మీటరు మీద పడతాయి, కొన్నింటిలో పడవు. మీటరు 60,000 చూపిస్తున్నా చక్రాల బేరింగులు అంతకంటే ఎక్కువే తిరిగి ఉండవచ్చు. గేర్ ఆయిల్ మార్చిన రసీదులు అడగండి. మెకానిక్ చేత కొంచెం ఆయిల్ తీయించి, నల్లబడి మాడు వాసన వస్తే బేరం వదిలేయండి. ఆ తర్వాత గేర్‌బాక్స్ మార్పించడం కంటే ఇంకో వారం వెతకడం తేలిక. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

మా బండికి రోజూ చేసేది ఇది. ఇంజిన్ ఆన్ చేసి, బ్రేకు తొక్కి, గేర్ అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి, డి (డ్రైవ్) లో 5 సెకన్లు ఉంచి, అక్కణ్ణుంచి ఎన్ (న్యూట్రల్) లోకి తెచ్చి, 3 నిమిషాలు నడిపి ఆపాలి. ఆర్ (రివర్స్) నుంచి నేరుగా ఎన్ లోకి వేయకూడదు. తాళం చెవి యాక్సెసరీ దగ్గర ఉండాలి, లేకపోతే స్టీరింగ్ లాక్ పడి ముందు టైర్లు మలుపుల్లో రోడ్డును గీక్కుంటూ వస్తాయి. 65 మైళ్ల వేగం దాటకూడదు. రోజులో 8 గంటలు మించి లాగితే ఇదంతా మళ్లీ చేయాలి. మొదటి ప్రయాణంలో ఆ తాళం చెవి వల్ల బ్యాటరీ పూర్తిగా దిగిపోయి, న్యూమెక్సికోలో ఒక క్యాంపు దగ్గర చీకట్లో పక్కవారి కేబుళ్లతో స్టార్ట్ చేసుకున్నాం. తర్వాత మోటర్‌హోమ్ నుంచి ఫ్యూజుతో ఒక చార్జింగ్ వైరు లాగించాను, మళ్లీ ఆ బాధ రాలేదు.

టో బార్ దాదాపు నేలకు సమాంతరంగా ఉండేలా చూసుకోండి. తగిలించిన బండితో రివర్స్ చేయకండి, కొద్ది అడుగులకే చక్రాలు అడ్డం తిరిగి బార్ వంగుతుంది. పెట్రోలు బంకులో దూరేముందు బయటికి పోయే దారి ఉందా అని చూసుకోండి. మొదటిసారి మైలు దూరం పోయాక ఆగి, దిగి, నాలుగు చక్రాల మధ్య భాగం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒక్కటి మిగతా వాటికంటే వేడిగా ఉంటే బ్రేకు పట్టి ఉందన్నమాట, అది వదిలేదాకా కదలకండి.