మార్జిన్‌లో ఏం రాయాలి?

చిరంజీవికి,

నీ కథ మీద తోటివాళ్లు చెప్పింది ఎలా తీసుకోవాలి, వాళ్ల కథలు చదివి నువ్వేం చెప్పాలి అని అడిగావు. రెండోదానితో మొదలుపెడతాను. చెప్పడంలో కష్టం తెలిస్తే వినడం కొంత తేలికవుతుంది.

చదవకముందే రాసినవాళ్లను ఒక మాట అడుగు: "ఇందులో నీకే అనుమానంగా ఉన్న చోటు ఏది?" అది తెలుసుకోకపోతే, వాళ్లు ముగింపు కుదరలేదని మథనపడుతుంటే నువ్వు కామాలు దిద్దుతూ కూర్చుంటావు. మొదటిసారి పెన్ను పట్టకుండా చివరిదాకా చదువు. రెండోసారి పెన్సిలుతో కూర్చుని, ఎక్కడ ఆగావో, ఎక్కడ వెనక్కి వెళ్లాల్సి వచ్చిందో గీత పెట్టు.

"బాగుంది", "ఇంకా లోతుగా రాయాలి" అని రాస్తే అవతలివాళ్లు దానితో ఏమీ చేయలేరు. ఏ చోట, అక్కడ నీకేమైంది, తర్వాత ఏం ప్రయత్నించవచ్చు అన్నది చెప్పాలి. ఇలా: "మూడో పేరా దాకా కథ అక్క వైపు నుంచి నడిచింది. నాలుగో పేరాలో ఉన్నట్టుండి తమ్ముడి మనసులో మాట వచ్చింది. ఎవరి కథ చదువుతున్నానో తెలియక మళ్లీ మొదటికి వెళ్లాను. ఆ మాట అక్కకు వినపడేలా తమ్ముడితో పైకే అనిపిస్తే?" ఆ వాక్యాన్ని మాత్రం నువ్వు రాసివ్వకు. రాసిస్తే ఈ పేరా బాగుపడుతుంది, వచ్చే కథలో అదే తప్పు మళ్లీ దొర్లుతుంది.

ఒక చిత్తుప్రతికి పెద్ద విషయాలు రెండు, మహా అయితే మూడు చాలు. ముప్పై ఎర్రగీతలున్న పేజీ చేతికిస్తే ఏది ముఖ్యమో తెలియక, తేలిగ్గా దిద్దగలిగిన ఒత్తులూ దీర్ఘాలూ దిద్దేసి, కథను ఉన్నచోటే వదిలేస్తారు. కథ నిర్మాణం ముందు చూడు, భాష తర్వాత. రేపు తీసేయబోయే పేరాలో అక్షరదోషాలు వెతకడం ఇద్దరికీ దండగ.

పొగడ్త దగ్గర కూడా జాగ్రత్త. 1996లో అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి అనే పరిశోధకులు, ఫీడ్‌బ్యాక్ (చేసిన పని మీద చెప్పే మాట) వల్ల పనితీరు ఎలా మారిందో చూసిన అధ్యయనాల నుంచి అప్పటిదాకా వచ్చిన 607 ఫలితాలను కలిపి చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది గానీ, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు దిగజారింది. ధ్యాస పని మీంచి మనిషి మీదికి మళ్లేకొద్దీ మేలు తగ్గుతుందన్నది వాళ్లు చెప్పిన కారణం. అందుకే "నువ్వు పుట్టు రచయితవి" అనకు. "తలుపు చప్పుడుతో దృశ్యం మార్చావు, ఒక్క వాక్యంలో రాత్రి గడిచింది" అను. ఏం చేస్తే పని జరిగిందో తెలిస్తే మళ్లీ చేయగలుగుతారు.

రేపు నువ్వే పాఠం చెప్పాల్సి వస్తే, వ్యాఖ్య పక్కన మార్కు వేయకు. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు ఆసక్తిలోనూ పనిలోనూ ముందున్నారు. మార్కు కూడా చేరినప్పుడు ఆ మేలు చాలావరకు కనపడలేదు. మార్కు తప్పదంటే, తిరగరాసిన ప్రతికి ఇవ్వు.

ఇక నీ వంతు. వాళ్లు చెబుతున్నంతసేపూ సమర్థించుకోకు. నోటితో నువ్విచ్చే వివరణ కథలో లేదు, రేపటి పాఠకుడికి అందదు. వాళ్లన్న మాటలు అన్నట్టే రాసుకో. అర్థం కాకపోతే "ఏ వాక్యం దగ్గర అలా అనిపించింది?" అని మాత్రం అడుగు. ఆ రోజే దిద్దడానికి కూర్చోకు, ఒకట్రెండు రోజులు ఆగు.

ఇద్దరు ముగ్గురు ఒకే చోట తడబడితే, వాళ్లు చెప్పిన మందులు వేరువేరైనా, జబ్బు ఉన్నట్టే. అయితే నొప్పి ఒకచోట తెలుస్తుంది, మూలం తరచూ ఇంకోచోట ఉంటుంది. "ముగింపు నమ్మబుద్ధి కాలేదు" అంటే ముగింపే మార్చనక్కర్లేదు. ఆ పాత్రకున్న భయాన్ని రెండో పేజీలో చూపించకపోయి ఉండొచ్చు. వెనక్కి వెళ్లి వెతుకు. వదిలేసిన ప్రతి సలహా పక్కన ఎందుకు వదిలేశావో ఒక ముక్క రాయి. కారణం తోచకపోతే ఆ సలహా ఇంకోసారి చదువు.

తిరగరాశాక అదే పాఠకుడికి పంపు. ఏం మార్చావో, ఏది కావాలనే ఉంచావో పైన రెండు వాక్యాల్లో రాయి. తన మాట ఎక్కడ పనికొచ్చిందో ఆయనకు తెలిసేది అప్పుడే.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి