క్రికెట్‌లో బౌండరీ నుంచి కీపర్ దాకా బంతి నేరుగా పడాలంటే చేతి కండలు పెంచాలా?

నేను పెంచాను. పనికిరాలేదు. అందుకే ఈ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

అడిగినాయన ఆరు నెలలుగా జిమ్‌లో డంబెల్స్ ఎత్తుతున్నాడట. అయినా బౌండరీ దగ్గర, డీప్ మిడ్‌వికెట్ నుంచి విసిరితే బంతి రెండు పిచ్‌లు పడితే గానీ కీపర్‌ని చేరడం లేదట. పైగా భుజం నొప్పి. తమ్ముడూ, 1998లో నాదీ ఇదే కథ. డిగ్రీ రెండో ఏడు. పొద్దున్నే దండీలు, సాయంత్రం ఇటుకలు కట్టిన కర్రతో కసరత్తు. జబ్బలు బాగానే వచ్చాయి, చొక్కా చేతులు బిగుతయ్యాయి. త్రో మాత్రం ఒక్క గజం కూడా పెరగలేదు. మ్యాచ్ అయిన మర్నాడు తల దువ్వుకోవడానికి చెయ్యి లేచేది కాదు.

మాది కృష్ణా జిల్లాలో వరి పండే ఊరు. అప్పటికి మా వైపు కోత మిషన్లు రాలేదు. కోసిన పనలు ఎండాక కట్టలు కట్టి కుప్ప వేసేవాళ్ళు. ఆ డిసెంబరులో సెలవులకి వెళ్తే మనుషులు తక్కువయ్యారని మా నాన్న నన్నూ పొలానికి పంపాడు. నా పని కింద నిలబడి కుప్ప పేర్చే మనిషికి కట్టలు విసరడం. ఒక్కోటీ ఏడెనిమిది కిలోలు ఉంటుంది. కుప్ప నడుమెత్తు ఉన్నంతసేపూ హాయిగా విసిరేశాను. తల దాటాక మొదలైంది నా అవస్థ. నేను విసిరిన కట్ట పక్కకి తగిలి జారి నా మొహం మీదే పడుతోంది. మెడలో నూగు, ఒళ్ళంతా దురద. పైనున్నాయన "పైకి పంపవయ్యా, నీకు నువ్వే వేసుకుంటున్నావేంటి" అంటున్నాడు.

నా పక్కన మా నాన్న కంటే పెద్దాయన ఒకరు విసురుతున్నారు. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఎండుకట్టెలా ఉంటాడు, జబ్బ నా ముంజేతంత ఉంటుందేమో. ఆయన కట్టలు మాత్రం తేలుతున్నట్టు వెళ్ళి సరిగ్గా పైవాడి చేతుల్లో పడుతున్నాయి. పొద్దున్నుంచీ విసురుతున్నాడు, రొప్పడం కూడా లేదు. నేను నలభై కట్టలకే గట్టు మీద కూలబడ్డాను.

"అబ్బాయ్, కట్టని నువ్వు మోయమాకు. చేతులు వదులుగా పెట్టి ఒళ్ళు తిప్పు, అదే పోద్ది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. కూర్చుని ఆయన్నే చూశాను. నడుముకి ఎర్ర తువ్వాలు బిగించుకున్నాడు, ముడి సరిగ్గా బొడ్డు కింద ఉంది. కట్టని కుడి తొడ పక్కన పెట్టుకుని కుప్పకి వీపు తిరిగేంతగా వెనక్కి తిరిగేవాడు. అప్పుడు ఎడమ కాలు కుప్ప వైపు వేసి మడమ గట్టిగా నొక్కేవాడు. ఆ నొక్కడంతోనే తువ్వాలు ముడి గిర్రున కుప్ప వైపు తిరిగేది. కట్ట మాత్రం ఇంకా వెనకే ఉండేది! ముడి ముందు, తర్వాత డొక్కలు, ఆ తర్వాత భుజం, అన్నిటికన్నా చివర చేతులు. చేతులు చేసిన పనల్లా సమయానికి వదిలెయ్యడమే. నావి చూసుకుంటే భుజం, నడుము, చేతులు అన్నీ ఒకేసారి కదులుతున్నాయి, అంటే బరువంతా భుజం మీదే పడుతోంది.

ఇందులో కిటుకేంటో బస్సులో నిలబడ్డవాళ్ళెవరికైనా తెలుసు. డ్రైవర్ సడన్ బ్రేక్ వేస్తే బస్సు ఆగుతుంది, మనం ముందుకి తూలతాం. ముందు వేసే కాలు ఆ బ్రేక్. పరిగెత్తి వచ్చిన వేగాన్ని అది నేల దగ్గర ఆపుతుంది, ఆ వేగం తుంటిలోకి, తుంటి నుంచి మొండెంలోకి, అక్కణ్ణుంచి భుజంలోకి ఎక్కుతుంది. కింది భాగం నెమ్మదిస్తుంటే పై భాగం ఊపందుకుంటుంది. తుంటి ముందుకి తిరిగి ఛాతీ ఇంకా వెనకే ఉన్న ఆ రెప్పపాటులో డొక్కల దగ్గర కండరాలు రబ్బరులా సాగుతాయి. అవి వెనక్కి లాగేటప్పుడు వచ్చే ఊపు ఏ డంబెల్‌తోనూ రాదు. పొట్ట కండరాలు వదులుగా ఉంటే మాత్రం ఆ ఊపు మధ్యలోనే కారిపోతుంది. పొట్ట గట్టిగా ఉండాలనేది అందుకు. అద్దంలో ఆరు పలకలు లెక్కపెట్టుకోవడానికి కాదు.

నీరజ్ చోప్రా 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో ఈటెని 87.58 మీటర్లు విసిరిన వీడియో ఒకసారి మెల్లగా నడిపించి చూడండి. ఎడమ కాలు కర్రలా నిటారుగా నేలలో దిగుతుంది. తుంటి మైదానం వైపు తిరిగిపోయి ఉంటుంది, ఈటె మాత్రం ఇంకా తల వెనకే ఉంటుంది. మా బాబాయ్ తువ్వాలు ముడే! ఈటె బరువు 800 గ్రాములే, చేతి బలం ఒక్కటే చాలేదైతే మా ఊరి పహిల్వాన్లంతా ఒలింపిక్స్‌కి వెళ్ళాలి. 2024లో పారిస్‌లో వెండి పతకం తెచ్చినప్పుడు ఆయన్ని ఇబ్బంది పెట్టిందేంటి? భుజం కాదు, గజ్జల దగ్గర కండరం. విసిరేవాడికి గజ్జలో నొప్పేంటని మా ఆఫీసులో ఒకాయన ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యపడాల్సిందేం లేదు, బరువంతా మోసేది అక్కడే. ఆ బాధ తగ్గాకే 2025 మేలో దోహాలో 90.23 మీటర్లు విసిరాడు. రెండిటికీ సంబంధం ఉందని నేను గట్టిగా నమ్ముతాను, ఫిజియోలెవరైనా ఒప్పుకోకపోతే కింద తిట్టండి.

ఈ కామెంటేటర్లతోనూ వచ్చింది బాధ. బౌండరీ నుంచి మంచి త్రో పడగానే "ఏం చెయ్యి అండీ, రాకెట్!" అంటారు. సిక్స్ కొడితే మణికట్టు అంటారు. ఆ బ్యాట్స్‌మన్ వెనక మోకాలు ఎటు తిరిగిందో, బెల్టు ఎటు తిరిగిందో ఒక్కరూ చెప్పరు. అది విని పిల్లలు మణికట్టు కోసం స్ప్రింగులు కొనుక్కుని నొక్కుతూ కూర్చుంటారు. ఇక స్కూళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా అబ్బాయికి వారానికి ఒక ఆటల పీరియడ్ ఉంది, దాన్ని లెక్కల సార్ లాగేసుకుంటారు. విసరడం ఎప్పుడు నేర్చుకుంటారు వీళ్ళు? నేర్పేవాళ్ళు లేకపోయినా మాకు మామిడికాయలన్నా ఉండేవి రాళ్ళేసి కొట్టుకోవడానికి.

సరే, మీ ప్రశ్నకి వస్తాను. నిరుడు మా అబ్బాయితో చిన్న పరీక్ష చేశాను. బంతి అదే, పిల్లాడూ అదే. కుర్చీలో కూర్చోబెట్టి విసిరిస్తే పద్దెనిమిది అంగలు వెళ్ళింది. నిలబెట్టి, కాళ్ళు కదపొద్దంటే ఇరవై తొమ్మిది. రెండడుగులు పక్కకి గెంతి ఎడమ కాలు దించి విసరమంటే నలభై నాలుగు! చెయ్యి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మీరూ చేసి చూడండి, ఖర్చు లేదు. కుడిచేతివాటం అయితే ముందు ఎడమ కాలే పడాలి. టీవీలో ఇన్ని మ్యాచ్‌లు చూసి కూడా తొందరలో కుడి కాలు వేసి విసిరేవాళ్ళు మా అపార్ట్‌మెంట్ టీమ్‌లోనే ముగ్గురున్నారు. ఇక భుజం నొప్పి తగ్గేదాకా దూరం త్రోలు మానెయ్యండి, డాక్టరుకి చూపించండి. నేను చూపించుకోలేదు, ఇప్పటికీ ఎడమవైపే తిరిగి పడుకుంటాను.

పొలంలో కట్టలు విసిరిన ఆ ఏడు సంక్రాంతికి పక్క ఊరితో మ్యాచ్‌లో బౌండరీ దగ్గర లాంగాన్ నుంచి ఒక రనౌట్ చేశాను. బంతి ఒక్క పిచ్ పడి నేరుగా వికెట్లకే తగిలింది. ఒక్కటే అనుకోండి, అయినా ఇప్పటికీ పండక్కి వెళ్తే దాని గురించి నేనే గుర్తు చేస్తాను. ఇప్పుడు మా ఊళ్ళో కుప్పలు లేవు. మిషన్ వచ్చి గంటలో కోసి నూర్చి వెళ్ళిపోతుంది, కట్ట విసరడం వచ్చినవాళ్ళు పాతికేళ్ళలోపు ఒక్కరూ దొరకరు.

తువ్వాలు పద్ధతి మాత్రం వదలకండి. నడుముకి కట్టి, ముడి బొడ్డు కింద పెట్టుకుని, పక్కవాడికి ఫోన్ ఇచ్చి స్లో మోషన్‌లో తీయమనండి. మోచెయ్యి కంటే ముందు ముడి తిరగాలి. పోయిన ఆదివారం నాది కూడా తీయించాను. రోజుకి పది గంటలు కుర్చీలో ఉండే ఒళ్ళు. ముడి, మోచెయ్యి రెండూ కలిసే తిరిగాయి. మా అబ్బాయి ఆ వీడియో వాళ్ళ అమ్మకి కూడా చూపించి నవ్వాడు.