క్యారెక్టర్ ఆర్టిస్టుగా బతకొచ్చా? పర్లాకిమిడి నుంచి ఒక జవాబు

‘మాది ఒడిశాలోని పర్లాకిమిడి, చదువు ఒడియా బడిలో, తెలుగు సినిమాల్లో, సీరియళ్లలో క్యారెక్టర్ ఆర్టిస్టుగా నిలబడగలనా?’ అని మీరు అడిగారు. నాదీ అదే ఊరు, అలాంటి బడే. హైదరాబాదులో నాలుగేళ్లు తిరిగి వెనక్కి వచ్చేసినవాణ్ని. అది గుర్తుంచుకునే చదవండి.

యాస గురించి అంత టెన్షన్ వద్దు, చిక్కంతా చదవడం దగ్గరే. నా మొదటి సీరియల్లో పోస్ట్‌మాస్టర్ వేషం, రెండే సీన్లు. డైలాగు బట్టీ పట్టే తీరిక అక్కడ ఉండదు. కెమెరా పక్కనుంచి అసిస్టెంట్ డైరెక్టర్ ప్రాంప్టింగ్ ఇస్తుంటే విని చెప్పేయడమే. తెలుగు చదవడం సరిగా రాని నాకు అది కలిసొచ్చింది. సినిమా వేషం దొరికినప్పుడు మాత్రం చేతిలో కాగితం పెట్టారు. పక్కవాడితో చదివించుకుని, ఒడియా లిపిలో రాసుకుని చెప్పాను. అది చూసి మేకప్ మేన్ నన్ను మంత్రాలు రాసుకునే పూజారి అనుకున్నాడు! టీవీలో చూసి మా అమ్మ ఫోన్ చేసింది: ‘ఏటి, రెండు ముక్కలేనా?’

నన్ను ఊరికి పంపేసింది ఇంటద్దె. రోజుకింత అని మాట్లాడుకుంటాం గానీ, డబ్బు చేతికొచ్చేసరికి మూడు నెలలు పట్టేది. ఒక సీరియల్ మధ్యలో ఆగిపోయింది, పంతొమ్మిది రోజుల పేమెంట్ ఇప్పటికీ రాలేదు. సినిమావాళ్లు అద్దెకుండే కృష్ణానగర్లో నా గది ఓనరుకి ఆ కథ చెప్తే ఏం లాభం?

నటుడు రావి కొండలరావు గారి సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది. 1932లో సామర్లకోటలో పుట్టినా ఆయన పెరిగింది మనకు పక్కనే, శ్రీకాకుళంలో. 1958లో ‘శోభ’తో మొదలుపెట్టి ఆరువందల పైచిలుకు సినిమాల్లో కనిపించారు. అన్నీ చిన్నాపెద్దా వేషాలే. కానీ ఆయన చేతిలో కలం కూడా ఉండేది. నాటకాలు రాశారు, ‘విజయచిత్ర’ పత్రికలో ఏళ్లతరబడి పనిచేశారు, ‘పెళ్లిపుస్తకం’ సినిమా కథ ఆయనదే. 2020లో పోయేదాకా పరిశ్రమ మనిషిగానే ఉన్నారు. ‘శంకరాభరణం’లో శాస్త్రిగారి వేషం వేసిన జె.వి. సోమయాజులు గారిదీ శ్రీకాకుళం వైపే. తమ్ముడు రమణమూర్తి గారితో కలిసి ఏళ్ల తరబడి ‘కన్యాశుల్కం’ నాటకం ఆడారు, 1980లో ఆ సినిమా వచ్చేనాటికి ఆయన డిప్యూటీ కలెక్టరు. నెల జీతం ఉన్నవాడు వచ్చిన వేషాన్ని కాదనగలడు. నేను ఒక్కటీ కాదనలేకపోయాను, శవం వేషంతో సహా.

కాబట్టి వెళ్లండి, కానీ హైదరాబాదులో చేసుకోగలిగే పని ఇంకోటి నేర్చుకుని వెళ్లండి. టైలరింగో, ఎడిటింగో, ఏదైనా సరే, షూటింగు ఉన్న రోజు సెలవు దొరికేలా ఉంటే చాలు. అంతకంటే ముందు తెలుగు గడగడా చదవడం రావాలి. నాకిప్పుడు ఊళ్లో జిరాక్స్ షాపుంది, వెనకగదిలో పాత వారపత్రికల కట్టలున్నాయి. సాయంత్రం ఏడు దాటాక రండి, గిరాకీ ఉండదు. పైకి చదివి వినిపించండి, తప్పులు నేను పడతాను.