ముందు స్ట్రెస్, తరవాతే ష్వా

బుజ్జీ,

వేసవి సెలవుల్లో మీ వీధి పిల్లలకి ఇంగ్లీషు ఉచ్చారణ చెబుతావటగా, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మురిసిపోయాను. మొదటి రోజే ష్వా అంటున్నావని కూడా చెప్పింది, అక్కడే గుండెల్లో రాయి పడింది.

డిక్షనరీ దగ్గర పెట్టుకో. ఉచ్చారణ గుర్తుల్లో తలకిందులుగా వేసిన ఇంగ్లీషు చిన్న ‘e’ (ə) ఉంటుందే, అదే ష్వా, బలం లేకుండా పొట్టిగా అనేసే ‘అ’ లాంటి అచ్చు. ఇది నీకు తెలిసిందే.

నేను పనిచేసిన ఒక స్కూల్లో కొత్త మేష్టారొకాయన బోర్డు మీద అయిదు మాటలు రాశాడు. అబౌట్‌లో ఏ, టేకెన్‌లో ఈ, పెన్సిల్‌లో ఐ, లెమన్‌లో ఓ, సర్కస్‌లో యూ. అచ్చుల్లో ఏదైనా సరే ష్వా కావచ్చన్నాడు. నిజమే. ఎక్కడ కాకూడదో మాత్రం చెప్పలేదు మహానుభావుడు. పిల్లలు కనబడిన అచ్చునల్లా మింగడం మొదలెట్టారు. వార్షికోత్సవంలో ఏడో తరగతి పిల్ల ఒకతి మైకు ముందు పళ్ల గురించి చెబుతూ బనానాని ‘బ్నన’ చేసింది. అందులో మొదటి ఏ, చివరి ఏ ష్వాలు. మధ్య ‘నా’ నిండుగా సాగాలి. అది ఆ ‘నా’నే మింగింది. ముందు వరస పెద్దలు పకపకా నవ్వారు. ఆ ఏడాదంతా ఆ పిల్ల ఇంగ్లీషు పీరియడ్‌లో నోరు విప్పితే ఒట్టు! పిల్ల తప్పేముందే అందులో? మేష్టారూ మంచివాడే, ఏం లాభం.

మాటలో ఒక చోట బలంగా నొక్కి పలకడమే స్ట్రెస్. అలా నొక్కే చోట ష్వా ఉండదు. ముందు ఆ చోటు పట్టించు. హైదరాబాద్ సీఫెల్‌లో (ఇంగ్లీషు, విదేశీ భాషల సంస్థ, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు) ట్రైనింగప్పుడు ఫోటోగ్రాఫ్, ఫోటోగ్రఫీ పక్కపక్కనే వినిపించేవారు. మొదటిదాంట్లో బలం ‘ఫో’ మీద, ‘టో’ నీరసం. రెండోదాంట్లో బలం పక్కకి జరిగి ‘ఫటాగ్రఫీ’ అవుతుంది. ఇందాకటి ‘ఫో’ ఇప్పుడు ష్వా. స్పెల్లింగు చూసి పట్టుకుందామంటే కుదరదు. ఇంటికొచ్చి మీ పెదనాన్న ముందు ప్రాక్టీసు చేస్తే, ఇంగ్లీషా, ఎక్కిళ్లా అన్నారు.

మన తెలుగులో ‘కమల’ అంటే మూడు అచ్చులూ నిండుగానే పలుకుతాం, అందుకే మన చెవికి ఈ తేడా ఓ పట్టాన ఆనదు. ఏటి అవతలి గట్టున ఉన్నవాణ్ణి కేకేసినట్టు మాటని అరవమను. గొంతు ఎక్కడ సాగిందో అక్కడ బలం. ష్వాని సాగదీసి అరవడం ఎవడి వల్లా కాదు.

ఫ్రమ్ లాంటి చిన్న మాటలు తరవాత చూసుకో. ‘ఫ్రమ్ గుంటూర్’ అన్నప్పుడు ఫ్రమ్‌లో ఉండే ష్వా, ‘వేర్ ఆర్ యూ ఫ్రామ్?’ అని చివర్న పడితే ఉండదు. ‘టీచర్’ అనే మాట చివర ష్వాతో ఆపకుండా ‘ర్’ పలుకుతున్నారని పిల్లల్ని తిట్టకు. అమెరికా వాళ్లూ పలుకుతారు.

మీ ఎదురింటి కుర్రాడికి నత్తి అన్నావు కదూ. వాణ్ణి అందరి ముందూ నిలబెట్టి చదివించకు తల్లీ. క్లాసయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు. మీ అమ్మతో చెప్పి వాడికి మజ్జిగ ఇప్పించు.

మీ పెద్దమ్మ